ఫోటోలు మనవి, తాళంచెవి ఎవరిది?

"మన మధ్య దాపరికాలేమిటి?" ఈ ఒక్క ప్రశ్నతో మన ఇళ్ళలో స్త్రీల నోరు మూయించడం కొత్త కాదు. ఉత్తరం విప్పి చదివినప్పుడు ఇదే మాట, డైరీ తిరగేసినప్పుడు ఇదే మాట. ఇప్పుడది ఫోన్లోని ఫోటోల దగ్గరికి వచ్చింది. ఇంటిల్లిపాదికీ ఒకే అకౌంటు. అతని ఫోను, ఆమె ఫోను, పిల్లల ట్యాబ్, హాల్లో టీవీ అన్నీ దానికే కలిపి ఉంటాయి. ఎందుకలా అంటే "కుటుంబం కదా, ఒకటి చాలదా?" అంటారు. చాలదు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. సింక్ వేరు, బ్యాకప్ వేరు. బ్యాకప్ అంటే మరోచోట భద్రంగా ఉంచిన నకలు. సింక్ అంటే అన్ని పరికరాల్లోనూ ఒకే సరుకు ఉండేట్టు చూడటం. ఐక్లౌడ్ ఫోటోస్ ఆన్ చేసి ఉంటే ఫోన్లో తీసిన ఫోటో ఐప్యాడ్‌లో ప్రత్యక్షమవుతుంది. ఐప్యాడ్‌లో తుడిచేస్తే ఫోన్లోంచీ పోతుంది. అలా పోయినవి 30 రోజులు విడిగా ఉంటాయి. గూగుల్ ఫోటోస్‌లోనైతే బ్యాకప్ అయినవి 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి. గడువు దాటితే ఇక దొరకవు. కాబట్టి అకౌంటు ఎవరి చేతిలో ఉంటే చూసే అధికారమే కాదు, చెరిపేసే అధికారం కూడా వాళ్ళదే. "అదంతా టెక్నికల్ వ్యవహారం, మావారు చూసుకుంటారు" అని మనం పక్కన పెడుతున్నది ఈ అధికారాన్నే.

మన ఫోన్లలో ఏమున్నాయి? పెళ్ళిళ్ళు, పేరంటాలు, పిల్లల పుట్టినరోజులు మాత్రమేనా? లైబ్రరీలో ఫోటో తీసుకున్న పాత పత్రికల పేజీలుంటాయి. కొట్టివేతలతో నిండిన కథ తొలి చిత్తుప్రతి ఉంటుంది. స్కానింగ్ రిపోర్టులు, మందుల చీటీలు ఉంటాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని సేకరించి స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. అలాంటి పని ఇవాళ ఎవరైనా తలపెడితే సగం ఫోన్లోనే జరుగుతుంది. తన బతుకు గురించి చెప్పిన మనిషి నన్ను నమ్మింది గానీ మా హాల్లో టీవీని నమ్మలేదు కదా! ఇంకొకామె ఒంటిమీద కమిలిన గుర్తుల్ని సాక్ష్యంగా ఫోటో తీసుకుంటుంది. అదే క్షణంలో అది కొట్టినవాడి ఫోన్లోకీ చేరితే? అక్కడినుంచే అతను దాన్ని చెరిపేస్తే?

ఇక ఈ ఫోటోల చాకిరీ సంగతి. స్టోరేజీ నిండిందని ఫోను మొత్తుకున్నప్పుడు అర్ధరాత్రి కూర్చుని మసక ఫోటోలు ఏరేసేదెవరు? షష్టిపూర్తి ఫోటోలు విడదీసి బంధువులందరికీ పంపేదెవరు? నేను చూసిన ఇళ్ళలో దాదాపు అంతటా స్త్రీలే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. కుటుంబ జ్ఞాపకాలు సర్దే పని కూడా ఆ స్త్రీల నెత్తినే పడింది. గూగుల్ ఫోటోస్ 2015లో వచ్చినప్పుడు, కాస్త కుదించిన నాణ్యతతో ఎన్ని ఫోటోలైనా ఉచితంగా దాచుకోమంది. 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం పోయింది. కొత్తగా చేరేవి 15 జీబీ లెక్కలో పడ్డాయి. అది నిండితే డబ్బు కట్టాలి. కట్టేది అతని కార్డుతో, ఓటీపీ వచ్చేది అతని నంబరుకి. వెనకటి ఇళ్ళలో వంటంతా కోడలిదే, బియ్యం కొట్టు తాళంచెవి మాత్రం ఆమె చేతికొచ్చేది కాదు. ఇప్పుడు మారిందేమిటి?

"ఒకే అకౌంటైతే ఖర్చు కలిసొస్తుంది" అనే వాదన కూడా నిలవదు. గూగుల్ వన్‌లోనూ ఐక్లౌడ్ ప్లస్‌లోనూ కొన్న స్థలాన్ని కుటుంబంలో మరో అయిదుగురితో పంచుకోవచ్చు. ఎవరి అకౌంటు వాళ్ళదే. స్థలం పంచుకున్నంత మాత్రాన ఒకరి ఫోటోలు మరొకరికి కనబడవు. ఇది చాలామందికి తెలియకపోవచ్చు. తెలిశాక కూడా "వేరే అకౌంటు ఎందుకు నీకు?" అంటే అది పొదుపు కాదు, కాపలా.

కంపెనీలు అమాయకమైనవేమీ కావు. ఒకరి ఫోటోలన్నీ తమంత తామే భాగస్వామికి చేరిపోయే ఏర్పాటును గూగుల్ 2017లో తెచ్చింది. కుటుంబమంతా కలిసి వాడే ఫోటో లైబ్రరీని ఆపిల్ 2022లో తెచ్చింది. ఎవరికి ఏం చేరుతోందో చూసుకుని ఒక్కసారిగా తెంచేసే 'సేఫ్టీ చెక్'ను కూడా, గృహహింసకు గురవుతున్న వాళ్ళను దృష్టిలో పెట్టుకుని, అదే ఏడాది అదే కంపెనీ పెట్టాల్సి వచ్చింది. ప్రమాదం ఇంట్లోనే ఉండొచ్చని వాళ్ళకు తెలుసు. మనమే ఒప్పుకోం.

చట్టమో? గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. కానీ 2023లో చేసిన వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం, ఒక వ్యక్తి సొంత లేదా ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారం తన పరిధిలోకి రాదంది. మళ్ళీ అదే గడప! ఇంట్లో కొట్టడాన్ని "వాళ్ళ ఇంటి గొడవ" అన్నవాళ్ళకు 2005 గృహహింస చట్టం జవాబు చెప్పింది. ఇంట్లో ఒకరి ఫోను మరొకరు తవ్వడాన్ని మాత్రం ఇంకా ఇంటి విషయంగానే చూస్తున్నాం.

ఫోనే సొంతం కాని స్త్రీలున్న దేశంలో ఇది చదువుకున్నవాళ్ళ గొడవ కాదా అని అడుగుతారు. తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతమేనని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చెప్పింది. నిజమే. అయితే ఫోను చేతిలో ఉండటమే సొంతం కావడం కాదు. మిగిలిన వాళ్ళకూ ఫోను వచ్చేనాటికి ఈ తేడా అందరికీ తెలిసి ఉండాలి.

అందుకే నేనడిగేది ఇది. ప్రతి స్త్రీకీ తన పేరుతో, తన నంబరుతో, తనకే తెలిసిన పాస్‌వర్డ్‌తో ఒక అకౌంటు. అందులో ఏయే పరికరాలు లాగిన్ అయి ఉన్నాయో ఎప్పటికప్పుడు చూసుకుని పాత ఫోన్లనీ టీవీనీ తొలగించాలి. పరిశోధన ఫోటోల్ని విడిగా హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాలి. హింసలో ఉన్న స్త్రీ మాత్రం ఉన్నట్టుండి పాస్‌వర్డ్ మార్చకపోవడమే మేలు. అవతలివాడికి అనుమానం రావచ్చు. ముందు వేరే ఫోను నుంచి సాయం అడగాలి. పిల్లల ఫోటోలు, పండగ ఫోటోలు అందరం తప్పకుండా పంచుకుందాం. అయితే పంచుకోవడమంటే నా ఇష్టంతో నేను ఇవ్వడం.

కథ ఎలా రాయాలో వర్క్‌షాపులు పెట్టుకుంటున్నాం. పరిశోధనలో నైతికత గురించి సెమినార్లు జరుపుకుంటున్నాం. వాటిలో ఒక గంట దీనికి కేటాయిద్దాం. ఫోన్లు తెరిచి, మన ఫోటోలు ఎవరెవరి ఇళ్ళకు చేరుతున్నాయో కలిసి కూర్చుని చూసుకుందాం.