డబ్బా మీద 165, తెర మీద 60

ముందుగా ఒక నిజం ఒప్పుకుని మొదలుపెడతాను. నా దగ్గర 165 హెర్ట్జ్ గేమింగ్ మానిటర్ ఉంది. కొన్న రోజు నుంచి దాదాపు నాలుగు నెలలు అది 60 హెర్ట్జ్‌లోనే నడిచింది. ఆ నాలుగు నెలలూ నేను మా హాస్టల్ ఫ్లోర్ మొత్తానికి "ఒకసారి 165 చూశాక మళ్ళీ 60 చూడలేంరా" అని క్లాసు పీకాను. కొందరు నా రూముకొచ్చి, చూసి, "అవున్రా, వెన్నలా ఉంది" అని తల కూడా ఊపారు.

అంటే వాళ్ళూ తెర చూడలేదు, నేనూ చూడలేదు. అందరం డబ్బా మీది అంకె చూశాం.

ఏ మోడల్ కొనాలో చెప్పడానికి ఇది రాయట్లేదు. మోడళ్ళు ఏడాది తిరిగేలోపు మారిపోతాయి. కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క, కొన్నాక చెయ్యాల్సిన పని, ఈ రెండూ మారవు. వాటి గురించే నా గోల. ఇంగ్లీష్ మీడియం బ్యాచ్ కాబట్టి రిఫ్రెష్ రేట్‌కి అచ్చ తెలుగు మాట వెతికే పని పెట్టుకోను. మనం మెస్సులో మాట్లాడుకునే భాషలోనే రాస్తాను.

మా నాన్నది మోటార్ వైండింగ్ షాపు, పల్నాడులో ఒక చిన్న ఊళ్ళో. ఎండాకాలం బోరు మోటార్లు కాలిపోయి వస్తాయి, అదే ఆయనకి సీజను. ఆ సీజను డబ్బులోంచి పద్నాలుగు వేలు అడిగాను. "కోడింగ్‌కి పెద్ద స్క్రీన్ కావాలి నాన్నా" అన్నాను. అబద్ధం కాదు గానీ, నిజంలో సగమే. మిగతా సగం పేరు వాలరాంట్.

నాన్న పెద్దగా ఏమీ అడగలేదు. డబ్బా ఫొటో పంపితే మాత్రం, "హెర్ట్జ్ అంటే మన కరెంటుదేనా?" అన్నాడు. ఆయనకి 50 హెర్ట్జ్ తెలుసు, ప్రతి మోటారు నేమ్ ప్లేటు మీదా ఉంటుంది. "అదే మాట నాన్నా. ఇక్కడైతే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదో చెప్తుంది" అన్నాను. "ఓహో, మంచిదేగా" అన్నాడు. అంతటితో అయిపోయింది.

నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి ఫస్టియర్ తమ్ముడొకడు నా సిస్టంలో రికార్డు ఫైలు సర్దుకుందామని వచ్చి కూర్చున్నాడు. మౌస్ అటూ ఇటూ తిప్పి, "అన్నా, ఇది 60లో ఉన్నట్టుందే" అన్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి చూపించాడు. 60. పక్కనున్న లిస్టులోంచి 144 నొక్కాడు. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వచ్చింది. మౌస్ కదిపాను. అప్పటిదాకా గెంతుకుంటూ పోయిన బాణం గుర్తు, జారుకుంటూ పోయింది.

అప్పుడు రెండు సంగతులు ఒకేసారి అర్థమయ్యాయి. ఒకటి, తేడా నిజంగానే ఉంది. రెండు, నాలుగు నెలలపాటు నేను లేని తేడాని చూశాను.

ఆ ఆదివారం ఫోన్లో నాన్నకి అంతా చెప్పేశాను. 60 సంగతీ చెప్పాను, ఆ మిగతా సగం సంగతీ చెప్పాను. "గేముల సంగతి తెలుసులేరా, రాత్రి రెండింటికి కూడా నువ్వు ఆన్‌లైన్‌లో ఉంటున్నావని మీ అమ్మ చెప్తూనే ఉంది" అన్నాడు. కాసేపాగి, "నా దగ్గరికీ వస్తార్రా నీలాంటోళ్ళు. 5 హెచ్‌పీ మోటారు దించాను, నీళ్ళు పడట్లేదు, మోటారు మంచిది కాదు అంటారు. పోయి చూస్తే సన్న కేబులు లాగుంటారు, లేదా లైన్లో వోల్టేజీ ఉండదు, లేదా అసలు బోర్లోనే నీళ్ళుండవు. ప్లేటు మీద రాసింది మోటారు చెయ్యగలిగింది. అది చేసేది వేరు" అన్నాడు.

బాటిల్‌నెక్ అనే మాటకి ఇంతకంటే మంచి వివరణ నేను ఏ నోట్సులోనూ చదవలేదు. అందుకే ఆయన వరసలోనే చెప్తాను.

మొదట బోర్లో నీళ్ళు. మానిటర్ బొమ్మలు తయారుచెయ్యదు, చూపిస్తుంది. తయారుచేసేది గ్రాఫిక్స్ కార్డూ, ప్రాసెసరూ. మీ లాప్‌టాప్ సెకనుకి 70 ఫ్రేములిస్తే, 240 హెర్ట్జ్ మానిటర్ మీద కూడా మీకు కనపడే కొత్త బొమ్మలు 70యే. ఇది గేమును బట్టి కూడా మారుతుంది. వాలరాంట్ తేలికైన గేము, మామూలు లాప్‌టాప్‌లో కూడా వంద దాటుతుంది. కౌంటర్ స్ట్రైక్ 2 అంత తేలిక కాదు. ఎల్డెన్ రింగ్ అయితే పీసీలో 60 ఫ్రేముల దగ్గర గేమే ఆగిపోతుంది, ఎంత ఖరీదైన కార్డున్నా అంతే. కాబట్టి కొనే ముందు ఒక సాయంత్రం మీరు రోజూ ఆడే గేములో ఎఫ్‌పీఎస్ కౌంటర్ పెట్టుకుని అరగంట ఆడండి. ఛార్జర్ పెట్టే ఆడండి, లాప్‌టాప్ బ్యాటరీ మీద ఫ్రేములు పడిపోతాయి. లాబీలో కూర్చున్నప్పుడు వచ్చే అంకె వద్దు, నలుగురు ఒకేసారి మీద పడ్డప్పుడు ఎంత వస్తోందో రాసుకోండి. మీ మానిటర్ లెక్క అక్కణ్ణుంచి మొదలవుతుంది.

రెండో లెక్క ఇంకా చిన్నది, కాలిక్యులేటర్ ఉంటే చాలు. 1000ని హెర్ట్జ్‌తో భాగించండి, ఒక్కో బొమ్మ తెర మీద ఎన్ని మిల్లీసెకన్లు ఉంటుందో వస్తుంది. 60కి 16.7. 144కి 6.9. 240కి 4.2. 360కి 2.8. అంటే 60 నుంచి 144కి వెళ్తే దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 144 నుంచి 240కి వెళ్తే 3 కూడా రావు. 240 నుంచి 360కి ఒకటిన్నర లోపే. మెట్టు మెట్టుకీ లాభం తగ్గుతుంది, ధర మాత్రం పెరుగుతుంది. మన హాస్టల్ వైఫైలో పింగ్ ఒక నిమిషం 40, ఇంకో నిమిషం 90. అలాంటి చోట ఒకటిన్నర మిల్లీసెకనుకి ఇంట్లోవాళ్ళ డబ్బు పెట్టడం నా దృష్టిలో తప్పు. స్టూడెంట్‌కి 144 నుంచి 180 మధ్యలో ఏదైనా చాలు. ఇది నా గట్టి అభిప్రాయం, టోర్నమెంట్లు ఆడే సీనియర్లు కోప్పడినా సరే.

తర్వాత మోటారు, అంటే ప్యానెల్. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "1 ఎంఎస్" అని ఉంటుంది. పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. "జీటీజీ" అని ఉంటే ఒక బూడిద రంగు నుంచి ఇంకో బూడిద రంగుకి మారడానికి పట్టే టైము. అది కూడా ఎక్కువగా కంపెనీ తనకి అనుకూలమైన సెట్టింగ్‌లో కొలిచిందే. "ఎంపీఆర్‌టీ" అని ఉంటే లెక్క వేరు. కదిలే బొమ్మ ఎంత మసకగా కనిపిస్తుందో చెప్పే కొలత అది, ఎక్కువగా వెనక లైటుని టపటపా ఆర్పి వెలిగించి ఆ మసక తగ్గిస్తారు, అలా చేస్తే వెలుతురు తగ్గుతుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఇక ప్యానెల్ రకాలు. వీఏ ప్యానెల్లో నలుపు బాగుంటుంది, కానీ చవక వాటిలో చీకటి సీన్లు కదిలితే వెనకాల మసి పూసినట్టు ఉంటుంది. ఐపీఎస్‌లో ఆ బాధ తక్కువ, పక్క నుంచి చూసినా రంగులు మారవు, నలుపు మాత్రం కాస్త బూడిదగా ఉంటుంది. రోజంతా కోడు, రాత్రి గేము అనే మనలాంటివాళ్ళకి ఐపీఎస్ మేలు. చవక మానిటర్ మీద "హెచ్‌డీఆర్" అని ఉంటే దానికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. చాలావాటిలో అది సిగ్నల్ తీసుకోగలదని మాత్రమే అర్థం, ఆ వెలుగు చూపగలదని కాదు.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 92 పిక్సెళ్ళు పడతాయి. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాలకి సాగదీస్తే 82కి పడిపోతుంది. 27 కావాలంటే 1440పీ తీసుకోండి, 109 వస్తుంది. అయితే దానికి గ్రాఫిక్స్ కార్డు కూడా ఎక్కువ కష్టపడాలి, మళ్ళీ బోర్లో నీళ్ళ దగ్గరికే వస్తాం. ఇంగ్లీష్ అక్షరాలకి ఈ తేడా ఎలాగోలా సర్దుకుపోతుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. పిక్సెళ్ళు చాలకపోతే రెండూ అతుక్కుపోతాయి. నమ్మకపోతే ఈ మ్యాగజైన్‌నే షాపులో రెండు తెరల మీదా తెరిచి చూడండి.

మూడోది కేబులు. మానిటర్‌తో వచ్చిన కేబులు పొట్టిగా ఉందని నేను ఇంటి నుంచి తెచ్చిన పాత సెట్‌టాప్ బాక్స్ కేబులు పెట్టాను. 60లో బాగానే పనిచేసింది. 144 పెట్టాక గేము మధ్యలో తెర నల్లబడటం మొదలైంది. డబ్బాలో వచ్చిన కేబులు పెట్టగానే పోయింది. ఇంకో సంగతి, నా మానిటర్‌కి హెచ్‌డీఎంఐలో 144 వరకే వస్తుంది, 165 కావాలంటే డిస్‌ప్లే పోర్టు వాడాలి. ఇది మాన్యువల్‌లో రాసే ఉంది, చదివిందెవరు? లాప్‌టాప్‌లో డిస్‌ప్లే పోర్టు లేకపోతే టైప్-సి నుంచి డిస్‌ప్లే పోర్టుకి కేబులు దొరుకుతుంది, కానీ అన్ని టైప్-సి పోర్టులూ బొమ్మ పంపలేవు, మీ మోడల్ స్పెక్స్ చూసుకునే కొనండి. డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళు కేబులుని గ్రాఫిక్స్ కార్డుకి గుచ్చండి. మదర్‌బోర్డు పోర్టుకి గుచ్చేసి "కార్డు పనిచెయ్యట్లేదు" అనేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

చివరిది స్విచ్ వెయ్యడం. నేను తప్పింది ఇక్కడే. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రేటు మార్చండి, గేము లోపలి సెట్టింగ్స్‌లో కూడా చూడండి. తర్వాత అడాప్టివ్ సింక్. కార్డు ఇచ్చే ఫ్రేములూ, తెర మార్చే వేగమూ కలవకపోతే బొమ్మ మధ్యలో అడ్డంగా చిరిగినట్టు కనిపిస్తుంది. ఫ్రేము వచ్చినప్పుడే తెర మారేలా చేసేదే అడాప్టివ్ సింక్. 2013లో ఎన్విడియా జీ-సింక్ తెచ్చినప్పుడు మానిటర్లో దాని మాడ్యూల్ ఉండాల్సొచ్చేది, ధర వాచిపోయేది. 2019 జనవరి నుంచి ఎన్విడియా కార్డులు మామూలు అడాప్టివ్ సింక్ మానిటర్లతో కూడా కలిసి పనిచేస్తున్నాయి. కాబట్టి ఆ పేరుకోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. మానిటర్ మెనూలో ఒకసారి, గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఒకసారి, రెండు చోట్లా ఆన్ చెయ్యాలి. మానిటర్ మెనూలోనే ఓవర్‌డ్రైవ్ ఉంటుంది. అన్నిటికంటే పైది పెడితే కదిలే వస్తువు వెనక తెల్లటి నీడ వస్తుంది. మధ్యలోది పెట్టి, టెస్ట్ యూఎఫ్ఓ సైటులో కదిలే బొమ్మని చూస్తూ సర్దుకోండి. ఇదంతా పావుగంట పని. ఆ పావుగంట పెట్టనందుకు నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నాను.

ఇక వాదనల సంగతి. మన క్యాంపస్‌లో రెండు పార్టీలున్నాయి. "కన్ను 60 దాటి చూడలేదు, సినిమా 24 ఫ్రేములే కదా" అనేది ఒకటి. సినిమాలో కదలికకి కెమెరా మసక అద్దుతుంది, పైగా మనం కూర్చుని చూస్తాం. గేములో మన చెయ్యి కదిపితే తెర కదలాలి, ఆలస్యం చేతికి తెలుస్తుంది. సరదాగా ఇంకోటి, 24 అనేది 60లో సమానంగా పట్టదు, 144లో సరిగ్గా ఆరుసార్లు పడుతుంది. కాబట్టి సినిమా పేరు చెప్పి కూడా వీళ్ళు గెలవలేరు. "240 లేకపోతే ర్యాంకు రాదు" అనేది రెండో పార్టీ. 60లో ఉన్నప్పుడు నేను సిల్వర్. 144కి మారాక కూడా సిల్వరే. మానిటర్ నా గురి మార్చలేదు, సాకు మాత్రం లాగేసుకుంది.

అలాగని కొన్నందుకు బాధ లేదు. కోడు స్క్రోల్ చేస్తుంటే అక్షరాలు చదవగలుగుతున్నాను, ఇంకో నాలుగేళ్ళు వాడతాను. బాధల్లా అడిగిన తీరు గురించే. మన రూముల్లో మెరిసే ప్రతి వస్తువు వెనకా ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఎండలో చేసిన పని ఉంది. గేమ్ కోసమే అని అడిగితే ఇవ్వరేమో, నిజమే. కానీ లెక్క రాసి చూపించి అడగొచ్చు. లెక్క రాయడం మొదలుపెడితే, అడగాలనుకున్నదాంట్లో సగం మనమే కొట్టేస్తాం. నేను రాసుంటే 144తో ఆగేవాణ్ణి, రెండు వేలు మిగిలేవి.

నాన్న ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోను పెట్టేసే ముందు అడుగుతాడు: "ఎంత వస్తోందిరా?"

"ఒక్క నిమిషం నాన్నా" అని సెట్టింగ్స్ తెరిచి, చూసి, అప్పుడు చెప్తాను.