నోట్సు లేని సదువు.. నీళ్లు లేని సెరువు

పరీక్షలు దగ్గరికొస్తే డిగ్రీ కాలేజీల పక్కన జిరాక్స్ షాపులకు పండుగే. ఏండ్ల కిందట ఎవరో సీనియర్ రాసుకున్న నోట్సు, కాపీ మీద కాపీ తీసి అక్షరాలు అలుక్కుపోయిన కాగితాలు చేతులు మారుతయి. ఇప్పుడు కాగితానికి తోడు సెల్‌ఫోన్ల పీడీఎఫ్ వచ్చింది. రూపం మారింది గని లోపలి సరుకు మారలేదు. ఆ సరుకునే నమ్ముకొని మన తెలుగు మీడియం పిల్లలు చరిత్ర, పొలిటికల్ సైన్స్, కామర్స్, లా చదువుతున్నరు. కొలువుల పరీక్షలకు తయారవుతున్నరు. మనం అడగాల్సింది ఒక్కటే. ఈ పిల్లల చేతికి సరైన నోట్సు ఇచ్చే బాధ్యత ఎవరిది?

నోట్సు, గైడ్లు సోమరుల పని, అసలు పుస్తకాలు చదవాలె అని కొందరు పెద్దలు తీసిపారేస్తరు. నిజమే, పుస్తకం చదవాల్సిందే. కని ఇంట్ల బీరువా నిండ పుస్తకాలున్నోళ్లు, ఇంగ్లిష్ నోటికి వచ్చినోళ్లు చెప్పే మాట ఇది. ఇంట్ల మొదటిసారి కాలేజీ గడప తొక్కిన బిడ్డకు చెప్పేటోళ్లు ఎవరున్నరు? ఆ బిడ్డకు మంచి నోట్సే మాస్టరు. పైసలున్నోడు కోచింగ్ సెంటర్ల వేలకు వేలు పోసి కొనుక్కునేది కూడా నోట్సునే గదా!

చట్టం మారింది, నోట్సు మారలేదు

లా సంగతి చూద్దాం. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయినయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. సినిమాల్ల, తిట్లల్ల కూడా నిలిచిపోయిన 420 ఇప్పుడు 318 కింద చేరింది. సీఆర్పీసీ, సాక్ష్యాల చట్టం కూడా మారినయి. బజార్ల తిరిగే పాత నోట్సుల మాత్రం ఇంకా 302, 420 లే ఉన్నయి.

నంబర్లు మార్చి అచ్చేస్తే సరిపోతదా? సరిపోదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి శిక్ష పాత ఐపీసీ ప్రకారమే. కోర్టుల ఇంకా ఏండ్ల తరబడి రెండు చట్టాలూ నడుస్తయి. ఈ ఒక్క ముక్క చెప్పకపోతే, రేపు నల్లకోటు వేసుకొని కోర్టుకు పోయిన మన పిల్లవాడు మొదటి రోజే తడబడుతడు.

ఇంగ్లిష్ పీడీఎఫ్‌ను యంత్రంతోని తెలుగు చేసుకునుడు ఇప్పుడు కొత్త రోగం. కాంట్రాక్టు చట్టంల 'కన్సిడరేషన్' అంటే ప్రతిఫలం. యంత్రం దాన్ని 'పరిగణన' అని రాస్తే పిల్లవాడికి ఏం సమజైతది? పరిగణన లేని ఒప్పందం చెల్లదు అని బట్టీ పడుతడు. ప్రతిఫలం లేని ఒప్పందం సాధారణంగా చెల్లదు అని రాస్తే పల్లెల పొలం అమ్మిన రైతుకు కూడా అర్థమైతది. కేసులు చెప్పే తీరు కూడా గట్లనే ఉన్నది. మోహరీ బీబీ కేసు, 1903 అని ఒక్క లైన్ రాసి వదిలేస్తరు. మైనర్ పిల్లవాడు ఆస్తి తాకట్టు పెట్టిండు, అప్పిచ్చినోళ్ల మనిషికి వాడు మైనరని ముందే తెలుసు, ఆ ఒప్పందం మొదట్నించే చెల్లదని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. నాలుగు ముక్కల కథ ఇది. కథ చెప్తే సూత్రం జన్మల మర్చిపోరు.

తారీఖులే చరిత్రనా?

ఒకప్పుడు మన చరిత్ర పుస్తకంల రెండు లైన్లే అని కొట్లాడినం. 2014ల రాష్ట్రం వచ్చింది. గ్రూప్స్ పరీక్షల్ల తెలంగాణ ఉద్యమానికి పేపరే పెట్టిన్రు. మంచిదే. కని ఆ పేపర్ కోసం పుట్టిన నోట్సు చూస్తే కడుపు మండుతది. 1952 ముల్కీ, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969, 1973 ఆరు సూత్రాలు, 1985 జీవో 610. అన్నీ తారీఖులే. ఎందుకు అన్న మాటే లేదు.

610 తారీఖు 1985 డిసెంబర్ 30 అని చెప్పే పిల్లవాడిని అదెందుకు వచ్చిందో అడగండి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు కొలువులను జోన్లుగా విడగొట్టినయి. మన 5, 6 జోన్లల్ల ఆ ఉత్తర్వులు తొక్కి నాన్‌లోకల్స్‌ను నింపిన్రు. వాళ్లను 1986 మార్చి 31 లోపల వెనక్కి పంపాలని జీవో చెప్పింది. అమలు గాలేదు. 2001ల గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఈ వరుస తెలిస్తే తారీఖు దానంతట అదే గుర్తుంటది. వరుస తెలువకుంటే మన చరిత్ర మనకే బిట్ పేపర్ అయితది.

చిట్టా, ఆవర్జా మన మాటలే

కామర్స్‌ల జీఎస్టీ వచ్చింది 2017 జులై 1న. 2025 సెప్టెంబర్ 22 నుంచి 12, 28 శాతం శ్లాబులు ఎత్తేసిన్రు. 1961 ఆదాయపు పన్ను చట్టం జాగల 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం. దాంట్ల గత సంవత్సరం, మదింపు సంవత్సరం అనే గందరగోళం తీసేసి 'పన్ను సంవత్సరం' అన్నరు. ఏడాదికోసారి సవరించని కామర్స్ నోట్సు చిత్తు కాగితమే.

భాష సంగతి వేరే చెప్పాల్నా? చిట్టా, ఆవర్జా అని దుకాణాల మునీములు రాసుకున్న మాటలుండంగ పిల్లలను కామర్స్ పేరు చెప్పి భయపెడుతున్నరు. 'క్షీణోపాంత ప్రయోజన సూత్రం' అంటే ఎకనామిక్స్ పిల్లలకు జ్వరం వస్తది. ఎండల పడి వచ్చినోడికి మొదటి గ్లాసు మజ్జిగ ప్రాణం పోస్తది, రెండోది హాయి, నాలుగోది వద్దనిపిస్తది. గింతే గదా సూత్రం! ఇక తెలుగు పేపర్ గైడ్లయితే పద్యం తీసేసి తాత్పర్యం ఒక్కటే అచ్చేస్తున్నయి. పద్యం నోట పలకకుండ పోతన ఎట్ల వస్తడు?

చేసి చూపినోళ్లున్నరు

ఇది అయ్యే పని గాదు అనేటోళ్లకు మన గడ్డే జవాబు. ఉస్మానియా యూనివర్సిటీ 1918ల మొదలైతే, దానికి ఒక ఏడాది ముందే 1917ల అనువాద శాఖ పెట్టిన్రు. పుస్తకం లేకుండ తరగతి లేదని వాళ్లకు సోయి ఉండె. చరిత్ర, తత్వం, అర్థశాస్త్రం, చట్టం అన్నీ ఉర్దూలకు తెచ్చిన్రు. ఆ ఉర్దూ, ఇంట్ల తెలుగు మాట్లాడే పిల్లలకు అందలేదన్నది నిజం. కని పని చేసిన పద్ధతి మాత్రం నేర్చుకోవాల్సిందే.

పీవీ నరసింహారావు విద్యామంత్రిగ ఉన్నప్పుడు 1968ల తెలుగు అకాడమీ పుట్టింది. 1982ల మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ యూనివర్సిటీ, మాస్టరు లేకున్నా చదువుకునేటట్టు తెలుగుల పాఠాలు రాయించింది. కొలువు కొట్టిన ఎంతమంది అలమారలల్ల ఆ పుస్తకాలున్నయో మనందరికీ ఎరుకే. అదే అకాడమీ 2014 తర్వాత పంపకాల పంచాయితీల చిక్కింది. 2021ల దాని ఫిక్స్‌డ్ డిపాజిట్లు అరవై కోట్లకు పైగా దారి మళ్లినట్టు బయటపడ్డది. ఎన్ని పుస్తకాలు అచ్చయ్యే పైసలవి!

అందుకే మనం గట్టిగ అడగాలె. ప్రతి సబ్జెక్టుకు తెలుగుల సర్కారు నోట్సు తేవాలె. ఏ ఏడాది సవరించిన్రో మొదటి పేజీ మీదనే ఉండాలె. లా నోట్సు తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కన ఉండాలె, ఎందుకంటే హైకోర్టుల నడిచేది ఇంగ్లిషే. అందరికీ ఉచితంగ దొరకాలె. రాసినోళ్లకు తగిన పైసలియ్యాలె.

సర్కారును అడుగుడే గాదు. ఉద్యోగి అన్నలారా, అక్కలారా! మీరు ఇదే జిరాక్స్ నోట్సు చదివి కొలువుల్లకు వచ్చిన్రు. సెక్షన్ ఆఫీసర్లకు జీవోలు ఎరుక, వకీళ్లకు కొత్త చట్టాలు ఎరుక, లెక్చరర్లకు పిల్లవాడు ఏడ తప్పుతడో ఎరుక. ఒక్కొక్కరు ఒక్క యూనిట్, తప్పుల్లేకుండ, ఇంట్ల మాట్లాడే భాషల రాసి మీ ఊరి కాలేజీకి ఇయ్యండి. విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! చేతికొచ్చిన ప్రతి నోట్సు మీద రెండు ప్రశ్నలు రాసుకోండి. ఇది ఏ ఏడాదిది? ఇందుల 'ఎందుకు' ఉన్నదా? రెండింటికీ జవాబు లేని కాగితం మీద పైసా పెట్టకండి. నియామకాల కోసం కొట్లాడినోళ్లం, ఆ నియామకాలకు తయారు చేసే అక్షరాల కోసం కూడా కొట్లాడుదాం.