డీజిల్‌లో దాగిన నీరు



మార్కాపురం, కంభం, గిద్దలూరు వీధులలో ఇళ్ల ముందు నిలిచి ఉన్న పాత డీజిల్ కార్లను చూచినపుడు వాటి రాకకు ఒక చరిత్ర ఉన్నదని చాలామందికి తోచదు. 2010 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం పెట్రోలు ధరపై అదుపును వదులుకొన్నది. డీజిల్ ధరను మాత్రం 2014 అక్టోబరు వరకు తన చేతిలోనే ఉంచుకొన్నది. ఆ నాలుగేళ్లలో రెండింటి ధరల మధ్య ఎడము పెరిగి, నగరవాసులు డీజిల్ కార్లకై ఎగబడ్డారు. 2020 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలు అమలులోకి రాగానే మారుతి సంస్థ డీజిల్ కార్ల తయారీని నిలిపివేసింది. నాడు నగరాలలో కొన్న స్విఫ్టులు, డిజైర్లు, ఇండికాలు చేతులు మారుతూ మనవంటి ఊళ్లకు చేరుతున్నవి. వాటిలో కొన్ని కిరాయికి తిరిగి ఒక కుటుంబాన్ని పోషిస్తున్నవి. కొన్ని పెండ్లికీ, ఆసుపత్రికీ ఇంటిల్లిపాదినీ మోస్తున్నవి.

ఇట్టి కార్లు గల వారి నుండి మేము తరచుగా వినే మాట ఒక్కటే: చదునైన దారిలో బాగానే పోతున్నది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదు, ఒక్కోసారి ఆగిపోతున్నది. టర్బో చెడినదేమో, పంపు పోయినదేమో అని భయపడి వేల రూపాయల ఖర్చుకు సిద్ధపడతారు. అవీ చెడవచ్చును. కాని ముందుగా చూడవలసినది కొన్ని వందల రూపాయల డీజిల్ ఫిల్టరును.

మన ప్రాంతంలో ఈ సంగతి డబ్బుతోనే ముగియదు. గిద్దలూరు నుండి నంద్యాలకు పోవు దారి దిగువమెట్ట దాటగానే నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. మలుపుల వెంట మలుపులు, చాలాచోట్ల ఫోను సిగ్నలు అందదు. ఆ దారిలోని పచ్చర్ల వద్దనే 2024లో చిరుత ఒక స్త్రీని పొట్టన పెట్టుకొన్నది. దోర్నాల నుండి శ్రీశైలం పోవు దారి పెద్దపులుల అభయారణ్యం గుండా సాగుతుంది గనుక రాత్రివేళ రాకపోకలు ఆపివేస్తారు. నిండు చూలాలినో, జ్వరంతో ఉన్న పసిబిడ్డనో తీసుకొని నంద్యాల ఆసుపత్రికి పోతూ ఆ ఘాటులో బండి ఆగితే ఏమగునో ఊహించుకొనవచ్చును. ఫిల్టరు మూసుకొనిపోయిన బండి ఆగేది కూడా అటువంటి చోటనే. చదునైన నేలమీద ఇంజనుకు కొద్దిపాటి డీజిల్ చాలును; ఎత్తులో బరువుతో ఎక్కునపుడు ఎక్కువ కావలెను, మూసుకొనిపోయిన కాగితం దానిని పోనీయదు.

ఫిల్టరు లోపల ఉన్నది మడతలు మడతలుగా పేర్చిన కాగితమే. మన తల వెంట్రుక మందంలో పదో వంతుకంటె సన్నని రేణువులను సైతం అది పట్టి ఉంచగలదు. ఇంత సూక్ష్మమైన వడపోత ఎందుకంటే, 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి ప్రవేశించి తరువాత మన దేశానికి వచ్చిన కామన్ రైల్ పద్ధతిలో డీజిల్‌ను అత్యధిక పీడనంతో నాజిళ్ల గుండా చిమ్ముతారు. స్విఫ్టులోని 1.3 లీటర్ల ఇంజనువంటి వాటిలో ఆ పీడనం 1600 బార్ల వరకు పోతుంది, అనగా కారు చక్రంలోని గాలి పీడనానికి సుమారు 700 రెట్లు. అంత వేగంతో దూసుకొనిపోయే ధారలో ఇసుక రేణువు ఉన్నచో అది ఆకురాయివలె ఇనుమును అరగదీస్తుంది. పలకల గనుల దుమ్ముతో జీవించే మార్కాపురం వారికి సన్నని రాతిపొడి ఏమి చేయగలదో వివరించనక్కరలేదు.

అయినను మా దృష్టిలో దుమ్ముకంటె పెద్ద శత్రువు నీరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగటి వేడికి, రాత్రి చలికి గాలిలోని తేమ చెమ్మగా మారి దిగువకు జారుతుంది. వానకాలంలో, తుపాను రోజులలో నిలువ ట్యాంకులలోకి, మూత సరిగా లేని క్యాన్లలోకి నీరు చేరుతుంది. పొలం ఇంజనుకని తెచ్చిన క్యానులో మిగిలినది కారులో పోయడం మన పల్లెలలో ఉన్న అలవాటే. డీజిల్ నీటికంటె తేలిక గనుక నీరు అడుగున చేరుతుంది. బురద నీటిని కుండలో పోసి తేటపడనిచ్చి పైనీటిని వంచుకొనే గృహిణికి ఈ సూత్రం తెలిసినదే. ఇక్కడ అడుగున చేరేది మట్టి కాదు, నీరు, అంతే తేడా. ఆ నీరు పంపులోకి, నాజిళ్లలోకి పోయిన నాడు త్రుప్పు పడుతుంది. నాజిళ్లు మార్చవలసి వస్తే ఖర్చు పదివేలతో ఆగదు.

కనుకనే ఫిల్టరు పాత్ర అడుగున నీరు నిలుచుటకు చోటు, దానిని వదలుటకు చిన్న మర ఉంచారు. కొన్ని కార్లలో నీరు నిండగానే డ్రైవరు ఎదుట ఒక దీపం వెలుగుతుంది. కొందరు దానిని నెలల తరబడి చూస్తూనే నడుపుతారు! ఫిల్టరు మార్చుట కంటె ముందు ఈ నీరు వదలుట నేర్చుకొనవలెనని మా అభిప్రాయం. రాత్రంతా కదలక నిలిచిన బండి క్రింద ఉదయాన్నే ఒక గాజు గ్లాసు పట్టి మరను రెండు చుట్లు వదులు చేస్తే ముందు నీరు, తరువాత డీజిల్ వస్తుంది. గ్లాసులో రెంటి మధ్య గీత స్పష్టంగా కనబడుతుంది. స్వచ్ఛమైన డీజిల్ రాగానే మరను బిగించవలెను. వానలు ముదరక మునుపు ఒకసారి, ముగిసిన తరువాత ఒకసారి ఈ పని చేస్తే చాలును. నీరు మాటిమాటికీ వస్తున్నచో బంకు మార్చి చూడవలెను. కొలతపైగాని, సాంద్రతపైగాని అనుమానం కలిగినపుడు మన ఎదుటనే పరీక్షించి చూపమని బంకువారిని అడుగుట కొనుగోలుదారుని హక్కు. అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఇక ఫిల్టరు మార్చు గడువు. బండితో వచ్చిన పుస్తకంలో అది వ్రాసి ఉంటుంది. సాధారణంగా 20,000 నుండి 40,000 కిలోమీటర్ల మధ్య. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారు పాత యజమాని మాటపై ఆధారపడక మొదటి నెలలోనే మార్చుట మేలు. కొనునపుడు అసలు కంపెనీ ఫిల్టరును బిల్లుతో సహా తీసుకొనవలెను. నకిలీ ఫిల్టరు పై డబ్బా అసలుదానివలె ఉన్నను లోపలి కాగితం వేరు. తెలిసి నకిలీ సరుకును అసలు ధరకు అమ్మేవాడు తూకంలో మోసగించేవానితో సమానమే. ఆ దుకాణదారులలో మనవారూ ఉండవచ్చును గనుక ఈ మాట వ్రాస్తున్నాము.

పని చేయు విధానం కష్టమైనది కాదు. ఇంజను పూర్తిగా చల్లబడవలెను. దగ్గరలో పొయ్యి, బీడీ, అగరుబత్తి ఉండరాదు. బ్యాటరీ నెగటివ్ వైరును తొలగించి, ఫిల్టరు చుట్టూ ఉన్న దుమ్మును గుడ్డతో, బ్రష్షుతో తుడవవలెను. తొందరపడేవారు వదిలివేసేది ఈ మెట్టునే. మూత తీసిన తరువాత లోపల పడిన ధూళిని ఎవరూ ఏరలేరు. క్రింద పళ్లెం పెట్టి, ఏ గొట్టం ఎక్కడ ఉన్నదో ఫోనుతో ఫొటో తీసుకొని, క్లిప్పులను వదులు చేసి గొట్టాలను లాగవలెను. ఫిల్టరు మీద డీజిల్ లోనికి పోవు దారి, వెలుపలికి వచ్చు దారి బాణపు గుర్తులతో ఉంటాయి. అవి తారుమారు కారాదు. కొత్త రబ్బరు వాషరుకు కొద్దిగా డీజిల్ పూసి అమర్చవలెను. కొత్త ఫిల్టరులో క్యాను నుండి డీజిల్ పోసి నింపు అలవాటు పాత సుమోల కాలం నాటిది. కామన్ రైల్ ఇంజనుకు అది తగదు. వడపోయని డీజిల్ శుభ్రమైన వైపుకు చేరిపోతుంది.

అసలు ఓర్పు కావలసినది గాలి తీయుటకు. గొట్టాలలో గాలి మిగిలినచో ఇంజను పట్టుకొనదు. చాలా బండ్లలో ఫిల్టరు వద్ద నల్లని రబ్బరు బుడ్డివంటి చేతిపంపు ఉంటుంది. అది గట్టిపడే వరకు నొక్కుతూ, గాలి వదలు మర నుండి బుడగలు లేని డీజిల్ వచ్చే వరకు ఆగవలెను. ట్యాంకులోనే కరెంటు పంపు గల బండ్లలో బ్యాటరీ వైరు తిరిగి కలిపి, తాళం చెవిని సెల్ఫ్ వరకు త్రిప్పక, ఆన్‌లో కొన్ని క్షణాలు ఉంచి తీయుట నాలుగైదు సార్లు చేస్తే చాలును. తరువాత సెల్ఫ్ కొట్టవచ్చును, పది సెకన్లకు మించక, మధ్యలో అర నిమిషం విరామం ఇస్తూ. ఇంజను పట్టుకొన్న పిదప అయిదు నిమిషాలు నడవనిచ్చి కీళ్ల వద్ద తడి ఉన్నదేమో చూడవలెను.

ఒక హద్దు మాత్రం దాటరాదు. పంపు నుండి నాజిళ్లకు పోవు ఇనుప గొట్టాల మీద ఇంటివద్ద పానా వేయరాదు. ఆ పీడనంతో చిమ్మే సన్నని ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత గాయమే కనబడినను చేతినే పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది. అక్కడ పని మెకానిక్‌కే వదలవలెను.

ఇంటివారికి సంబంధించిన మాట మరొకటి. తీసిన డీజిల్‌ను తాగునీటి సీసాలో పోసి గూటిలో పెట్టు దురలవాటు మనలో బాగా ఉన్నది. దాహమైన పసివాడు ఆ సీసా ఎత్తుకొంటాడు. డీజిల్ కడుపులోకి పోవుటకంటె ఊపిరితిత్తులలోకి జారుట ప్రాణాంతకం. కాబట్టి అట్టి వేళ ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించరాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. గొట్టాన్ని నోట పెట్టి డీజిల్ లాగే డ్రైవర్లకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. నలభై ఏండ్లుగా లాగుతున్నాము, ఏమీ కాలేదు అనే పెద్దలను మేమెరుగుదుము. వారిని చూచి పిల్లలు నేర్వరాదు.

డీజిల్ అంటిన బట్టలతో నమాజు అగునా అని అడిగే వారున్నారు. డీజిల్ అపవిత్ర వస్తువు కాదు; నమాజు చెల్లుతుంది. కాని పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారిని మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించినది ఆ వాసన తోటివారిని బాధించును గనుకనే. డీజిల్ వాసన అంతకంటె ఘాటైనది. బట్టలు మార్చుకొని, సబ్బుతో చేతులు కడిగి పోవుట మర్యాద. వుజూ విషయానికి వస్తే, చర్మంపై జిడ్డు మాత్రమే ఉంటే నీరు దానిపై ప్రవహిస్తుంది, అడ్డు లేదు. ముద్దగా అంటుకొన్న గ్రీసు పొర ఉన్నచో దానిని ముందు తొలగించవలెను.

పాత ఫిల్టరును, నీరు కలిసిన డీజిల్‌ను ప్రక్క కాలువలో పారబోయరాదు, చెత్తతో కలిపి కాల్చరాదు. బోరు నీటిపై బ్రతికే ఊళ్లు మనవి. అరలీటరు డీజిల్ బావి నీటిని ఎన్నాళ్లు తాగనీయదో పల్లెవారికి తెలుసు. మూత గల డబ్బాలో పట్టి, దానిపై పేరు వ్రాసి, పాత ఇంజను ఆయిల్‌ను సేకరించే మెకానిక్ షెడ్డుకు ఇవ్వవలెను. కొత్త ఫిల్టరు మీదనే మార్చిన తేదీని, మీటరులోని కిలోమీటర్ల సంఖ్యను చెరగని సిరాతో వ్రాయవలెను. రేపు ఆ బండి మరొకరి చేతికి పోయినను బానెట్ ఎత్తగానే ఆ అంకెలు వారికి కనబడతాయి.