జర్నలిజం చదివితే ఏమొస్తది?



ఇంటర్ అయిపోయిన తమ్ముడొకడు మొన్న ఫోన్ చేసిండు. "అన్నా, దోస్త్‌లో ఆప్షన్లు పెడుతున్న. బీఏలో మాస్ కమ్యూనికేషన్ అని ఉంది. అది చదివితే ఏమొస్తది? ఇంట్లో ఏమో టీచరో, కానిస్టేబులో అయ్యే చదువు చూసుకో అంటున్నరు" అన్నడు. ఫోన్ల సరిగ్గా చెప్పలేకపోయిన. నేను చదివింది ఆ సబ్జెక్టే కాబట్టి మంచీ చెడూ రెండూ ఇక్కడ రాస్తున్న. కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

నేను ఎందుకు తీసుకున్ననో ముందు చెప్తా. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా గూడెం పోడు భూముల్లో కందకాలు తవ్వడానికి జేసీబీ వచ్చింది. మా అవ్వ పోయి దాని ముందు కూసుంది. తెల్లారి ఒక విలేకరి వచ్చిండు. అవ్వకు తెలుగు రాదు, ఆయనకు గోండి రాదు. హాస్టల్ నుంచి సెలవుకు వచ్చిన నన్ను మధ్యలో కూసోబెట్టిన్రు. అవ్వ అరగంట చెప్పింది. ఏ చెట్టు దాకా మా తాత దున్నిండు, ఏ బండ దగ్గర దేవునికి మొక్కుతం, పాత బావి ఎవరు తవ్విన్రు, పక్క చేను ఎవరిది, వాళ్లు ఎప్పటి నుంచి ఉన్నరు, అన్నీ. నేను మాత్రం "భూమి మాదే అంటోంది సార్" అని ఒక్క ముక్క చెప్పిన. మరునాడు పేపర్ల కూడా ఒక్క ముక్కే వచ్చింది: గిరిజనులు ఆందోళన వ్యక్తం చేశారని. హెడ్డింగుల మాత్రం మేము ఆక్రమణదారులం.

ఆ విలేకరి చెడ్డోడేం కాదు. ఎండల బండి మీద అంత దూరం వచ్చిండు. ఆయనకు అందిందే ఆయన రాసిండు. అందియ్యాల్సింది నేను.

డిగ్రీలో ఉన్నప్పుడు 2006 అటవీ హక్కుల చట్టం, దాని నియమాలు చదివిన. 13వ నియమంలో ఏమేం సాక్ష్యంగా పనికొస్తాయో ఉంది. పాత బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు లెక్కకొస్తాయి. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు కాకుండా వేరే పెద్దమనుషులు చెప్పిన మాటను కాగితం మీద రాసినా అది సాక్ష్యమే. అంటే అవ్వ చెప్పిన బండ, బావి, పక్క చేను ముచ్చట అంతా చట్టం ముందు విలువైన మాటే. నేను దాన్ని ఒక్క ముక్క చేసిన. కమ్యూనికేషన్ అంటే టీవీల మైకు పట్టుకోవడం అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మన మాట చేరాల్సిన చోటికి పూర్తిగా, సాక్ష్యంతో చేరడం కమ్యూనికేషన్.

ఇక ఉద్యోగాల ముచ్చట. దాపరికం లేకుండా చెప్తా. మండల విలేకరిగా చేరితే చేతికొచ్చేది చాలా తక్కువ. యాడ్స్ తెమ్మంటరు. దాన్నే నమ్ముకొని ఇల్లు నడపలేం. కానీ దారి అదొక్కటే కాదు. పత్రికల్లో, చానెళ్లలో డెస్కు ఉద్యోగాలున్నాయి. ప్రతి జిల్లాలో సమాచార పౌర సంబంధాల శాఖ ఆఫీసు ఉంటది, డీపీఆర్వో పోస్టు అక్కడిదే. సివిల్స్ రాస్తే వచ్చే సర్వీసుల్లో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ ఒకటి. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి కార్యక్రమాలు వస్తాయి. టీకాలు, మలేరియా, పోషకాహారం మీద గూడేల్లో పనిచేసే సంస్థలకు మన భాషలో చెప్పగలిగేవాళ్లు కావాలి. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అన్నవాళ్లే 29 లక్షలకు పైన ఉన్నరు. ఇంతమందికి వాళ్ల భాషలో వార్త చెప్పేవాళ్లు ఎంతమంది?

పైచదువుకు ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, ఢిల్లీలో ఐఐఎంసీ ఉన్నాయి. జార్ఖండ్ వైపు చూడండి. ముండా ఆడబిడ్డ దయామణి బార్లా రాంచీలో ఇండ్లల్ల పాచిపని చేసుకుంటూ చదువుకొని జర్నలిస్టు అయింది. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు పోతాయంటే ఆ ఊళ్ల తరఫున నిలబడింది. ఉరావ్ బిడ్డ బీజూ టొప్పో డాక్యుమెంటరీలు తీసి జాతీయ అవార్డులు తెచ్చుకున్నడు.

"మీడియా అంతా పైసలోళ్ల చేతుల ఉంది, మనోళ్లు పోయి ఏం చేస్తరు" అని కొందరు అన్నలు అంటరు. నిజమే, కాదనను. కానీ మనం లేకపోతే రాయడం ఆగదు కదా. మన గురించి వేరేవాళ్లు రాస్తనే ఉంటరు.

అందరూ ఇదే చదవమని అంటలేను. తీసుకునేవాళ్లు మాత్రం మూడు చూసుకోండి. ఒకటి, దీనికి తోడు చరిత్ర, పొలిటికల్ సైన్స్ లాంటివి ఉన్న కాంబినేషన్ తీసుకోండి. గ్రూప్స్‌కు అక్కరకొస్తది. బీఈడీ ఆలోచన ఉంటే ఆ అర్హతలు ముందే చూసుకోండి. రెండు, కాలేజీలో విద్యార్థులతో పేపరు తీయిస్తరా, కెమెరా పట్టిస్తరా అని సీనియర్లను అడగండి. పుస్తకం బట్టీ పడితే ఈ చదువు రాదు. మూడు, తెలుగు, ఇంగ్లీషు గట్టిగా నేర్చుకోండి, మన భాషను మాత్రం ఇడవకండి. తెలుగు, ఇంగ్లీషు వచ్చినోళ్లు చాలామంది ఉన్నరు. గోండి, కొలామి, కోయ కూడా వచ్చినోళ్లు వాళ్లల్ల ఎందరు?

మా అవ్వ ఇప్పుడు లేదు. ఆ అరగంట మాట ఎవరి దగ్గరా లేదు, నా దగ్గర కూడా సగమే ఉంది. అందుకే ఏ కోర్సు చదివేటోళ్లైనా సరే, ఈసారి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ పెద్దోళ్ల దగ్గర కూసోండి. భూమి ముచ్చట అడగండి, ఫోన్ల రికార్డు చెయ్యండి, తర్వాత ఒక్క మాట కూడా తగ్గించకుండా తెలుగుల రాయండి. ఆ పని చేస్తుంటే మీకు ఆసక్తి పుడితే, ఈ చదువు మీదే.

జై సేవా. జై ఆదివాసీ.