అవ్వకు అర్థమయ్యే వాక్యం

మాకు దగ్గరి రైల్వే స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. ఉన్నది మాత్రం కొత్తగూడెంలో! అక్కడ దిగి భద్రాచలానికి సుమారు 40 కిలోమీటర్లు బస్సులో వెళ్లాలి. అలాంటి చోటి దంపతులం, జర్మనీలో ఊరూరా రైలు ఆగుతుంటే చిన్నపిల్లల్లా కిటికీకి అతుక్కుపోయాం.

ఐసెనాక్‌లో దిగి వార్ట్‌బర్గ్ కోటకు వెళ్లాం. ప్రాణభయంతో అక్కడ తలదాచుకున్న మార్టిన్ లూథర్, 1521-22 చలికాలంలో సుమారు 11 వారాల్లో కొత్త నిబంధనను తన ప్రజల భాషలోకి తెచ్చారు. చెక్క గోడల చిన్న గది అది. అక్కడి నుంచి రైల్లో హాలె చేరాం. మద్రాసులో పరిచర్య చేసి 1743లో తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్జ్, మన తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది ఆ ఊళ్లోనే.

మా దుమ్ముగూడెంలోనూ 19వ శతాబ్దంలో మిషనరీ జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకుని, సువార్తను అందులోకి మార్చే పని చేశారు. మరి ఇప్పుడు? మేమెరిగిన అడవి అంచు సంఘాల్లో ప్రసంగమంతా గ్రాంథిక తెలుగే. కోయ అవ్వ భక్తిగా ‘ఆమేన్’ అంటుంది. ఇంటికెళ్లాక, అయ్యగారు ఏం చెప్పారని మనవణ్ణి అడుగుతుంది. ఇది అవ్వ లోపం కాదు, మనది.

కాపరికి కోయ రాకపోవచ్చు. చదువుకున్న కోయ బిడ్డలు సంఘంలో లేరా? వాక్యపఠనం, ప్రసంగ సారాంశం వారిచేత చెప్పించవచ్చు. తిరుగు రైల్లో లెక్కపెట్టాం. మా ఒక్క సంఘంలోనే ఏడుగురున్నారు.