ఆరు చెంచాలు, అర చెంచా

కంఠం బాగున్నవారు ఏదైనా చదవగలరనే నమ్మకం మన విద్యార్థుల్లో బలంగా ఉంది. వార్షికోత్సవంలో వ్యాఖ్యానం చెప్పినవారినే ఆరోగ్య ప్రకటనలు చదవడానికీ పంపుతున్నాం. ఇది సరికాదని మా అభిప్రాయం.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ తదితర ప్రాంతాలను ముంచెత్తింది. నీరు తీసిన పిమ్మట ఒక వీధిలో, ఆటోకు కట్టిన మైకునుండి విరేచనాలకు ఇంట్లో చేసుకోదగిన పానీయం గురించి రికార్డు వినవచ్చింది. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. చదివిన యువకుని కంఠం చక్కనిదే. కాని 'ఆరు'లో దీర్ఘాన్ని కుదించాడు, 'అర'ను సాగదీశాడు. పక్కనున్న వృద్ధురాలు "ఉప్పు ఆరు చెంచాలా, బాబూ?" అని మమ్మల్ని అడిగింది. మా గుండె ఝల్లుమంది. అంత ఉప్పు పసిబిడ్డకు పట్టిస్తే మూర్ఛలు వచ్చి ప్రాణమే పోవచ్చు.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితోనే వేలాది కలరా రోగులకు చికిత్స చేశారు. అంతటి మందు మన వీధిలో ఒక దీర్ఘం మీద ఆధారపడి ఉన్నది.

ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులు మరింత జాగ్రత్త వహించాలి. ఉర్దూలో 'ఆధా', 'ఛే' పోలికే లేని మాటలు; తెలుగులో సగానికీ ఆరుకూ అంత దూరం లేదు. మైకులో 'ఇరవై', 'అరవై' ఒకటిగానే వినిపిస్తాయి. 'మూడు వేళలా' అనవలసిన చోట ళకారం జారితే వేళలు వేలవుతాయి. అయితే మనకొక మేలూ ఉంది. 'వ్యాధి', 'ఔషధం', 'మధుమేహం' వంటి మాటల్లోని ఒత్తులను ఉర్దూ మరగిన నాలుక అలవోకగా పలుకుతుంది. పెక్కుమంది తెలుగువారే వాటిని మింగేస్తారు. (మా శాఖలోని మిత్రులు మన్నింతురు గాక!)

1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుండి ఉషశ్రీ గారు రామాయణ భారతాలు చెబుతుంటే డెల్టా పల్లెలన్నీ చెవులొగ్గి విన్నాయి. మన విద్యార్థులు నేటికీ ఆ ఫక్కినే అనుకరించబోతారు. కథకు ఉద్వేగం వన్నె; మాత్రల మోతాదుకు అది అడ్డు. వైద్యవాక్యాన్ని వినేవారు ఆనందించడానికి వినరు, చేయడానికి వింటారు. కొలత చెప్పిన తరువాత, వినేవారి చేయి చెంచా దాకా వెళ్ళేంతసేపు ఆగాలి. 'అర'కు బదులు 'సగం' అని వ్రాయరాదా అని చదివేవారు ముందే అడగాలి. వైద్యుని అనుమతి లేనిదే ఒక్క మాట కూడ మార్చరాదు. పిదప, విషయం తెలియని ఒకరికి వినిపించి తిరిగి చెప్పమనాలి. వారు తప్పు చెబితే ఆ తప్పు చదివినవారిదే.

కళాశాల సంఘంవారిని మేము కోరేది స్టూడియో కాదు. కిటికీలకు తెరలు కట్టిన ఒక గది, ఒక మైకు, వారానికొక గంట చాలును. నెలకొకసారి ఒక వైద్యుడు వచ్చి తెలుగులోనూ ఉర్దూలోనూ చదివించి వినాలి. వచ్చే వానాకాలానికి ముందే ఇది మొదలు కావాలి.