ఆ చప్పుడేమిటో ముందే చెప్పండి

దసరా సెలవులు దగ్గరపడితే ఖరగ్‌పూర్‌లోని మా నిమ్‌పురాలో ఒకప్పుడు ఒకటే ప్రశ్న: "పాసు రాయించావా?" రైల్వే కూలీల బిడ్డలం, మనవలం. సెలవంటే పాసు, పాసంటే రైలు. శ్రీకాకుళంలో అమ్మమ్మగారిల్లయినా, పూరీ అయినా, తిరుపతి అయినా ప్రయాణం ఖరగ్‌పూర్ స్టేషన్‌లోనే మొదలయ్యేది. ఇప్పుడు ఇంకో ప్రశ్న చేరింది: "రైల్లోనా, ఫ్లైట్లోనా?" ఈ మాట వినగానే పిల్లల మొహాలు వెలిగిపోతాయి. సంపాదించేవాళ్ళు ఫోన్లో టికెట్ ధర చూస్తారు. పెద్దవాళ్ళు మాత్రం మాట్లాడరు. లేచి వంటింట్లోకో వీధిలోకో వెళ్ళిపోతారు. ఈ వారం నేను రాస్తున్నది ఆ మాట్లాడనివాళ్ళ గురించి.

మా ఊళ్ళోకి విమాన ప్రయాణం వచ్చిన దారి వేరు. పాసులున్నాయి కదా అని, మిగతా కేంద్ర ఉద్యోగులకుండే సెలవు ప్రయాణ రాయితీ, అందరూ ఎల్‌టీసీ అనేది, రైల్వేవాళ్ళకి చాలాకాలం ఉండేది కాదు. 2018లో ఆ తలుపు తెరిచారు. పాసులు వదులుకుంటే నాలుగేళ్ళకోసారి దేశంలో ఎక్కడికైనా వెళ్ళొచ్చు. అండమాన్‌కీ కాశ్మీరుకీ ఈశాన్య రాష్ట్రాలకీ కింది హోదా ఉద్యోగులు కూడా విమానంలో వెళ్ళే సడలింపు అప్పటికే ఉంది. అండమాన్‌కి ఓడలో వెళ్తే సముద్రం మీదే మూడు నాలుగు రోజులు. కోల్‌కతా నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. తాతలు చక్రాలు బిగించిన ఇళ్ళలోంచి మనవలు కోల్‌కతాలోని దమ్‌దమ్ విమానాశ్రయానికి బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ అమ్మానాన్నల్ని కూడా రమ్మన్నారు.

నిజానికి నిమ్‌పురావాళ్ళకి విమానం కొత్త కాదు. కొత్తది లోపల కూర్చోవడం. కలైకుండా వైమానిక స్థావరం మా పక్కనే. యుద్ధవిమానం ఇంటి కప్పు మీదుగా పోతే మాట మధ్యలో ఆపి, అది దాటాక మళ్ళీ అందుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఈ ఆకాశంలో విమానం చేసిన మొదటి పని మనుషుల్ని మోయడం కాదు, బాంబుల్ని మోయడం. 1944లో అమెరికా 20వ బాంబర్ కమాండ్ తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడి హిజిలీ జైలు భవనంలో పెట్టుకుంది. దూధ్‌కుండీ, చాకులియా, పియార్‌డోబా నుంచి బి-29 బాంబర్లు లేచేవి. ఆ బాంబర్ల మొట్టమొదటి దాడి 1944 జూన్ 5న. 98 విమానాలు బయల్దేరాయి. గురి బ్యాంకాక్‌లోని మక్కాసన్ రైల్వే వర్క్‌షాప్. ఒక రైల్వే వర్క్‌షాప్ ఊరి చుట్టుపక్కల నుంచి లేచి ఇంకో రైల్వే వర్క్‌షాప్ మీద బాంబులు వేశారు. చదివిన రోజు నాకు చాలాసేపు మనసు బాగాలేదు. అక్కడా మా తాతల్లాంటి ఫిట్టర్లే కదా ఉండేది.

తర్వాత పాకిస్తాన్‌తో యుద్ధం, 1965 సెప్టెంబర్ 7. తూర్పు పాకిస్తాన్ నుంచి సేబర్ జెట్లు వచ్చి కలైకుండాలో నిలిపి ఉంచిన మన విమానాల్ని కాల్చేశాయి. రెండోసారి వచ్చినప్పుడు హంటర్ విమానాల్లో మన పైలట్లు ఆల్ఫ్రెడ్ కుక్, మామ్‌గైన్ ఎదురెళ్ళారు. ఖరగ్‌పూర్ మీద, చెట్లకి కొంచెం పైన, కుక్ సేబర్ల వెంటపడ్డాడు. ఐఐటీ విద్యార్థులు కింద నిలబడి చూశారు. ఇద్దరికీ వీరచక్ర ఇచ్చారు. నిమ్‌పురాలో ఇప్పుడు డెబ్బయ్యో పడిలో ఉన్నవాళ్ళకి అప్పుడు పదేళ్ళు, పన్నెండేళ్ళు. విమానం చప్పుడు వినిపిస్తే తల్లి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తిన వయసు. అరవై ఏళ్ళ తర్వాత కొడుకొచ్చి "నాన్నా, ఫ్లైట్లో అండమాన్ ఎల్దాం" అంటే ఆ మనిషి వెంటనే నవ్వలేకపోవడంలో వింత ఏముంది?

మా పెదనాన్న అలాంటి మనిషే. వర్క్‌షాప్‌లో బోగీల ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు దాటి పనిచేశాడు. చక్రం మీద సుత్తితో ఒక్కటి కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పేవాడు. కొన్నేళ్ళ కిందట పూజ సెలవుల్లో కొడుకు, కోడలు, మనవలతో అండమాన్ బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

విమానం పరుగు మొదలుపెట్టినప్పుడు ఆయన ఏమీ అనలేదు. వేగం ఆయనకి భయం కాదు. చక్రాలు నేల వదిలాయి. రెండు మూడు సెకన్లకి కాళ్ళ కింద ఏదో తిరిగిన చప్పుడు, వెంటనే ధడ్ మని మోత. పెదనాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. ఇంకో అరనిమిషం గడిచిందో లేదో ఇంజన్ల హోరు ఒక్కసారి తగ్గింది. ఒళ్ళు కిందికి జారినట్టయింది. ఆయన నా వైపు తిరిగి చాలా నెమ్మదిగా, పిల్లలకి వినబడకుండా అన్నాడు: "ఇంజిన్ పోయిందిరా."

ఆ మాట, ఆ మొహం నేను మరిచిపోలేను. ఆయన కేక వేయలేదు. చనిపోతామనే అనుకున్నాడు, అయినా పిల్లల్ని బెదరగొట్టకూడదనుకున్నాడు. నాకేమో ఏం చెప్పాలో తెలియలేదు. "ఏం కాదు పెదనాన్నా, ఏం కాదు" అన్నాను. పిరికివాడికి చెప్పినట్టు చెప్పాను. ఆయనకి కావలసింది ఆ మాట కాదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. నేల వదలగానే చక్రాలు పొట్టలోకి ముడుచుకుంటాయి. ధడ్ మన్నది వాటి తలుపులు మూసుకున్న మోత. లేవడానికి ఇంజన్లు ఎక్కువ బలం వాడతాయి. వెయ్యీ పదిహేనువందల అడుగుల ఎత్తుకి చేరాక అంత అవసరం ఉండదు కాబట్టి తగ్గిస్తారు. ఎక్కుతూనే ఉంటుంది, కాకపోతే కాస్త తక్కువ వేగంగా. మన చెవికీ కడుపుకీ అది పడిపోతున్నట్టు అనిపిస్తుంది. ప్రతి ప్రయాణంలో, ప్రతి విమానంలో ఇదే జరుగుతుంది. పక్కన మా పెద్దమ్మ కిటికీలోంచి మబ్బులు చూస్తూ "పత్తి ఏకి ఆరబోసినట్టుంది" అని మురిసిపోతూనే ఉంది. ఆవిడకి ఏ మోతా వినబడలేదు. మోతలో అర్థం వెతికే చెవి పెదనాన్నది. ఆయన్ని భయపెట్టింది అజ్ఞానం కాదు, ముప్పై ఏళ్ళ పనితనం. యంత్రం చప్పుడు మారితే ఏదో జరిగిందని అర్థమని ఆయన చెవికి ఈ ఊరే నేర్పింది. ఎందుకు మారిందో చెప్పేవాడు మాత్రం అక్కడ లేడు.

ఈ ఒక్క విషయం నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. విమానమంటే భయపడేవాళ్ళని మనం పల్లెటూరివాళ్ళనో పిరికివాళ్ళనో అనుకుంటున్నాం. నవ్వుతున్నాం. ఫోన్లో వీడియో తీసి బంధువుల గ్రూపులో పెడుతున్నాం. అది అన్యాయం.

తెలుగువాళ్ళ భయానికి కారణాలు తక్కువేమీ లేవు. 2002 మార్చిలో హెలికాప్టర్ కూలి లోక్‌సభ స్పీకర్ బాలయోగి పోయారు. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన చిన్న విమానం లేచిన కాసేపటికే కూలి నటి సౌందర్య పోయింది. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి. ఈ మూడు వార్తలూ ఎక్కడ నిలబడి విన్నారో ఇప్పటికీ చెప్పగలిగేవాళ్ళు ప్రతి తెలుగింట్లో ఉన్నారు. మా వీధిలో ఒకావిడ విమానం మాటెత్తితే సౌందర్య పేరే చెబుతుంది, అంతటితో సంభాషణ అయిపోతుంది. అయితే ఒక తేడా ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ మూడింట్లో రెండు హెలికాప్టర్లు, ఒకటి చిన్న విమానం. టికెట్ కొనుక్కుని మనం ఎక్కే పెద్ద విమానం ఒక్కటీ లేదు. రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు, నేల మీద నుంచి దారి చూపే కంట్రోలర్లు, ప్రతి ప్రయాణానికీ ముందు తనిఖీ, ఇవన్నీ ఉండే ఏర్పాటు వేరు.

అవీ కూలవని నేననను. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కడే బతికాడు. ఆ వారమంతా మా ఊళ్ళో ఎవరూ సెలవు ప్రయాణాల గురించి మాట్లాడలేదు. కానీ రైలు కూడా మనకి చావు చూపించింది. 2010 మేలో జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్, ఖరగ్‌పూర్ దాటిన కాసేపటికే, ఖేమాశూలీ దగ్గర. 2023 జూన్ 2న కోరమండల్, బహానగా బజార్‌లో. 290 మందికి పైగా పోయారు. అది మా డివిజనే. ఆ సాయంత్రం ఆ బండి ఖరగ్‌పూర్ మీదుగానే వెళ్ళింది. అయినా కొద్దిరోజులకే మావాళ్ళు మళ్ళీ కోరమండల్ ఎక్కారు. ఎందుకు ఎక్కగలిగారు? సిగ్నల్ వైర్ల పనిలో తప్పు జరిగిందని విచారణలో తేలినప్పుడు, ఆ తప్పు ఎలాంటిదో, ఎవరు చూడాల్సిందో, ఏది చేస్తే మళ్ళీ జరగదో నిమ్‌పురాలో ప్రతి ఇంటికీ అర్థమైంది. రైలు వెనకున్న మనిషి వాళ్ళకి తెలుసు. విమానం వెనకున్న మనిషి తెలియదు.

భయానికి ధర కూడా ఉంటుంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో ఎంతోమంది విమానాలు మానేసి కార్లలో దూరప్రయాణాలు చేశారు. దానివల్ల ఏడాదిలో సుమారు 1,500 మంది అదనంగా రోడ్ల మీద చనిపోయారని గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త లెక్కగట్టాడు. ఆకాశాన్ని చూసి భయపడి రోడ్డు మీద ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయితే ఈ లెక్క పెదనాన్న ముందు పెడితే ఆయన భయం పోతుందా? పోదు. లెక్కలు చెబితే భయం పోయేటట్టయితే ఎప్పుడో పోయేది.

ఆయనకి ఏది చెబితే పనికొచ్చిందో తిరుగు ప్రయాణానికి ముందు హోటల్ గదిలో చూశాను. ధడ్ మన్న మోత, తగ్గిన హోరు ఎందుకో ముందు చెప్పాను. మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫామ్ 1,072 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైంది. దమ్‌దమ్ పెద్ద రన్‌వే 3,600 మీటర్ల పైచిలుకు, మన ప్లాట్‌ఫామ్‌కి మూడు రెట్లు దాటి ఉంటుందన్నాను. తలాడించాడు. రెండు ఇంజన్లూ ఆగిపోతే రాయిలా పడదా అని అడిగాడు. పడదు, జారుకుంటూ పోతుంది. ముప్పై అయిదు వేల అడుగుల మీద నిమ్‌పురా పైన ఇంజన్లు ఆగితే ఇంచుమించు దమ్‌దమ్ దాకా గాలి మీదే చేరగలిగినంత దూరం. 2001 ఆగస్టులో అట్లాంటిక్ మీద ఎయిర్ ట్రాన్సాట్ విమానానికి ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగాయి. పంతొమ్మిది నిమిషాలు, సుమారు 120 కిలోమీటర్లు జారుకుంటూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగింది. 306 మందీ బతికారు. ఇది విని పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దిగినాక పెద్ద హోరొచ్చిందే, అదేటి?" అన్నాడు. ఇంజన్ గాలిని ముందుకి మళ్ళిస్తారు, ఆపడానికి. రెక్క మీద పలకలు లేపి చక్రాల మీద బరువు వేస్తారు, బ్రేకు పట్టడానికి. "బ్రేకా!" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన మొహంలో వచ్చిన నిమ్మళం నా కళ్ళతో చూశాను. తిరిగి వచ్చేటప్పుడు కూడా నా మణికట్టు పట్టుకున్నాడు. కానీ ధడ్ మన్నప్పుడు, "తలుపు" అన్నాడు. హోరు తగ్గినప్పుడు, "తగ్గించాడు" అన్నాడు.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ దశాబ్దాలుగా భయపడేవాళ్ళ కోసం ఒకరోజు శిక్షణ నడుపుతోంది. పైలట్లే వచ్చి ఏ చప్పుడు ఎందుకో చెబుతారు, చివర ఒక చిన్న ప్రయాణం చేయిస్తారు. మన దగ్గర డబ్బు కట్టి అలాంటి తరగతికి వెళ్ళేవాళ్ళు ఎంతమంది ఉంటారు? అందుకే విమాన సంస్థల్ని ఒకటే అడుగుతున్నాను. తలుపులు మూశాక బెల్టు గురించి, అత్యవసర ద్వారాల గురించి హిందీలో, ఇంగ్లీషులో చెబుతున్నారు. ఇంకొక్క నిమిషం, తెలుగులోనో బెంగాలీలోనో, "లేచాక కింద చప్పుడవుతుంది, అది చక్రాలు ముడుచుకోవడం. తర్వాత హోరు తగ్గుతుంది, అది మామూలే. మబ్బుల్లో కుదుపులుంటాయి, బెల్టు తీయకండి" అని చెప్పించండి. కుదుపు విమానాన్ని విరవదు, బెల్టు లేని మనిషిని మాత్రం గాయపరుస్తుంది. 2024 మేలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో జరిగింది అదే.

చదువుకుని అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడిన మా నిమ్‌పురా పిల్లలకి ఇంకో మాట. జీవితంలో విమానం ఎక్కని తల్లిని మొదటిసారే సముద్రాలు దాటించి, రెండు చోట్ల విమానం మార్పించి రప్పించుకుంటున్నారు. ప్రేమతోనే, కాదనను. కానీ ఆ ఇరవై గంటలూ ఆమె ఒక్కర్తే అన్ని చప్పుళ్ళూ వింటూ కూర్చుంటుంది. రైల్లోనే వస్తానంటే, రైలు వెళ్ళేచోటికి రైల్లోనే రానివ్వండి. అది ఓటమి కాదు. విమానమే తప్పదంటే, కోల్‌కతా నుంచి విశాఖకి గంటన్నర. ముందు అందులో ఒక్కసారి తీసుకెళ్ళండి. పక్క సీట్లో మీరే కూర్చోండి.